పదికి ఎంత?

అది కాదండీ మేడమ్ గారూ, అసలు మా ఆయన్ని మీరు ఏమని అడిగారో ముందు అది చెప్పండి నాకు. మందు సంగతి, మిషన్ సంగతి తర్వాత. ఇరవయ్యెనిమిదేళ్ళు కాపురం చేశాను. ఒక్కనాడు నొప్పి అన్న మాట ఆ నోట రాలేదు. మీ దగ్గరకొచ్చిన పావుగంటకి ఏడంట, ఎనిమిదంట, పాఠం అప్పజెప్పినట్టు చెప్తున్నాడు.

లేదండీ, ఆయన రాలేదు. ఒక్కదాన్నే వచ్చాను. ఆయన సిట్టింగు శనివారం కదా, ఇవాళ బుధవారమని నాకూ తెలుసు. బళ్ళో ఒంటిపూట సెలవడిగి వచ్చాను. గుణదల్లో, కొండ కింద కాన్వెంటులో ఆయాని నేను.

గుర్తుపట్టలేదు కదూ? మీ ఫిజియోథెరపీ గదిలో పచ్చ కర్టెన్ అవతల, ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని నాలుగు శనివారాలు కూర్చున్నాను. సంపూర్ణమ్మ నా పేరు. లాజరు గారి భార్యని. ఆటోనగర్లో టింకరింగ్ పని, కుడి మోచెయ్యి. ఆఁ, ఆయనే.

చూశారా, మోచెయ్యి అనగానే గుర్తొచ్చింది.

కూర్చోమంటే కూర్చుంటాను గానీ మంచినీళ్ళొద్దు. పేషెంట్లు ఎవరైనా వస్తే లేచి వెళ్ళిపోతాను. ఎవరూ లేరా? అయితే చెప్తాను వినండి. నేను చెప్పడానికే వచ్చాను. ఎక్కడ మొదలెట్టాలో తెలీక మీ మీద ఎగురుతున్నాను, అంతే.

మూడేళ్ళండీ ఆ నొప్పి. గుద్దేసిన కార్ల డోర్లు, బానెట్లు వస్తాయి, వాటికి సొట్టలు తియ్యాలి. పొద్దున్న షెడ్డుకెళ్తే దీపాలు పెట్టేదాకా చేతిలో సుత్తే. నొప్పని ఆయన చెప్పలేదు, నేనే కనిపెట్టాను. టీ గ్లాసు ఎడమచేత్తో అందుకోవడం మొదలెట్టాడు. ఏమైందయ్యా అంటే 'ఏం లేదులే' అన్నాడు. ఆయనకి జొరమొచ్చినా ఏం లేదులే. వాళ్ళ నాన్న పోయిన రోజు సమాధుల దొడ్డి నుంచి వచ్చి గోడకానుకుని కూర్చుంటే, ఏడువయ్యా కాసేపు అన్నాను. అప్పుడూ అదే. ఏం లేదులే.

సరే, చెప్పకపోతే పోయాడు, చెయ్యి అబద్ధమాడదు కదా అని రోజూ సాయంత్రం నూనె కాచి రాసేదాన్ని. మా అమ్మది చల్లపల్లి. బాలింతలకి నూనె రాయడంలో, పసిపిల్లలకి నీళ్ళు పొయ్యడంలో ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆవిడ తర్వాతే ఎవరైనా. పెద్దిళ్ళవాళ్ళు బండి పంపించి మరీ పిలిపించుకునేవాళ్ళు. పోతూ పోతూ ఆస్తులేం ఇవ్వలేదు గానీ ఆ చెయ్యి నాకిచ్చిపోయింది. నువ్వుల నూనెలో వామూ వెల్లుల్లీ వేసి కాచి, గోరువెచ్చగా ఉండగా, ఇదిగో ఈ బొటనవేలు ఆనించి నరం వెంబడి పైనించి కిందికి దిగాలి. నరం కాదు, టెండన్ అంటారా? ఏదైతేనేం లెండి, నా వేలికి అది తెలుసు.

కళ్ళు మూసుకునేవాడు. హాయిగా ఉందా అంటే 'ఊఁ' అనేవాడు. అంతే, అదొక్కటే. నవ్వుతారేమో మీరు, మూడేళ్ళు నేను ఆ ఊఁ మీద బతికాను.

మీరొచ్చి దాన్ని మూడు ముక్కల్లో తీసి పక్కన పెట్టారు. నూనె రుద్దొద్దు, ఐసు పెట్టొద్దు, నొప్పి మాత్రలు వేసుకోవద్దు. ఆరు వారాలు. నోటితో చెప్తే మర్చిపోతారని తెలుగులో కాగితం మీద రాసి కూడా ఇచ్చారు. ఆయన దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద అతికించాడు, మేరీమాత క్యాలెండర్ పక్కన. నేను నూనె గిన్నె తీసుకొస్తే ఆ కాగితం వైపు చూస్తాడు.

అంటే ఆ చేతి మీద మూడేళ్ళ నుంచి ఉన్న నా చెయ్యి ఏమైనట్టు?

మొదటి రోజు నేనే దగ్గరుండి తీసుకొచ్చాను కదా. షాక్ పెడతారంటే కరెంటనుకుని జపమాల బయటికి తీశాను. కరెంటు కాదమ్మా, గాలి ఒత్తిడితో దెబ్బలు వేస్తాం, మానకుండా మొండికేసిన చోట కొట్టి లేపితే ఒళ్ళు మళ్ళీ దాన్ని బాగుచేసుకోవడం మొదలెడుతుంది అని ఓపిగ్గా చెప్పారు మీరు. నాకు సగమే ఎక్కింది. మా ఆయనకి మాత్రం చప్పున ఎక్కేసింది. బయటికొచ్చి ఆటోలో 'ఇది మనుషులకి టింకరింగే సంపూర్ణా' అన్నాడు. ఆ గన్ను ఎలా ఉందో, టకటకా ఎలా కొట్టారో, రెండువేల దెబ్బలంట, ఎక్కడ నొప్పిగా ఉంటే అక్కడ చెప్పమంటూ ఎలా వెతుక్కుంటూ వెళ్ళారో, గుణదల వచ్చేదాకా చెప్తూనే ఉన్నాడు. అంతసేపు నాతో ఎప్పుడు మాట్లాడాడో గుర్తులేదు నాకు. ఆ మాట్లాడిందీ మీ గురించే.

ఆ మార్కుల సంగతి మీకు గుర్తుందా? నాకు మాత్రం ఒక్క ముక్క పోలేదు. కర్టెన్ అంటే గుడ్డే కదండీ, గోడ కాదుగా. నొప్పి పదికి ఎంత అంకుల్ అని మీరు అడిగారు. ఆయన 'రెండండీ' అన్నాడు. ఇవతల నేను లోపల్లోపల సంతోషపడ్డాను. చూడు, ఈ పిల్ల దగ్గర కూడా ఏం లేదులే అనే అంటున్నాడు, నా ఒక్కదానితోనే కాదు అని.

మీరు మిషన్ ఆనించగానే అబ్బా అని అరిచాడు. మీరు ఆపేసి, రెండన్నారు కదా అంకుల్ అన్నారు. అప్పుడేమన్నాడు? 'చెయ్యి అస్సలు బాలేదు కదండీ, అందుకే రెండు మార్కులే ఇచ్చాను' అన్నాడు. ఎవరైనా బాగోని చేతికి ఎక్కువ మార్కులేస్తారా మరి, ఆయన తప్పేముంది. మీకు నవ్వాగలేదు. 'ఇక్కడ పదికి పదొస్తే ఫెయిలు అంకుల్' అన్నారు. ఆయనా నవ్వాడు. నవ్వి, 'అయితే ఎనిమిది రాసుకోండమ్మా' అన్నాడు.

ఎనిమిదండీ. ఎనిమిది పెట్టుకుని మూడేళ్ళు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడా ఈ మనిషి? నేను వేరుశెనక్కాయ పచ్చడి బాగుందా అని అడుగుతున్నాను, ఆయన లోపల ఎనిమిది పెట్టుకుని బాగుంది అంటున్నాడు. ఆ అంకె నాకు చెప్పాల్సింది కాదా?

మీరు కంగారుపడకండి. నేను ఆ రకం అనుమానంతో రాలేదు. మీరు మా అమ్మాయి డయానా ఈడు పిల్ల. ఎవరైనా అలా అంటే పళ్ళు రాలగొడతాను. ఇది వేరు. ఇది ఏమిటో నాకూ సరిగ్గా తెలీదు. ఆయన సొంత మనిషిని నేను, ఆయన నొప్పి మీ దగ్గర ఫైల్లో ఉంది. అది మింగుడుపడటం లేదు నాకు.

ఇంక ఆ తర్వాత ఇంట్లో అన్నిటికీ 'వినీల మేడమ్ గారు చెప్పారు'. దిండు పెట్టుకునే తీరు మేడమ్ గారు చెప్పారు. సుత్తికి గుడ్డ చుట్టి పిడి లావు చేసుకోమని మేడమ్ గారు చెప్పారు. అదే ముక్క రెండేళ్ళ క్రితం నేను చెప్తే, నీకేం తెలుసు షెడ్డు సంగతి అన్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? మీరిచ్చిన ఆ పసుపుపచ్చ రబ్బరు పట్టీ కిటికీ ఊచకి కట్టుకుని పొద్దున్నే లాగుతుంటాడు. పాలపాకెట్టు తెమ్మంటే వినపడదు.

ఏమాటకామాటే, అక్కడిదాకా ఓర్చుకున్నాను. మూడో శనివారం ఓర్చుకోలేకపోయాను.

ఆ రోజు మీరు అడిగారు, ఏ పని చేసేటప్పుడు బాగా ఇబ్బందిగా ఉంటోంది అంకుల్ అని. సుత్తి అంటాడనుకున్నాను. గొంతు తగ్గించి, 'చర్చిలో సిలువ గుర్తు వేసుకోడానికి చెయ్యి నుదుటి దాకా తేలేకపోతున్నానమ్మా, గుండెల దగ్గరే గుర్తు వేసి ఆపేస్తున్నాను, ఎడమచేత్తో వేసుకోడానికి మనసొప్పదు' అన్నాడు.

నాకు తెలీదండీ. నిజంగా తెలీదు. మా చర్చిలో మగవాళ్ళొక పక్క, ఆడవాళ్ళమొక పక్క కూర్చుంటాం. నేనెలా చూస్తాను? ఆయన చెప్తేనే కదా తెలిసేది. మీరు కనీసం చర్చికి వచ్చే మనిషి కూడా కాదు, మీ టేబుల్ మీద వినాయకుడున్నాడు. మీకు చెప్పాడు. నేను ఇంట్లో ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేదాన్ని, నాకు చెప్పలేదు.

ఆ పూట క్యారేజీ పట్టుకుని లేచి రోడ్డు మీదకొచ్చి నిలబడ్డాను. ఎండగా ఉందని మళ్ళీ లోపలికొచ్చాను. అసూయ పడటానికి కూడా నీడ కావాలి కదా మనిషికి.

ఏంటి? కాదండీ, ఇది చెప్పడానికి రాలేదు. వస్తున్నాను దాని దగ్గరికే. కొంచెం ఆగండి. ఆ నీళ్ళిలా ఇవ్వండి.

పోయిన శనివారం మీరు ఫైలు చూసి, నాలుగు సిట్టింగులైనా ఎనిమిదే ఉందేంటి అంకుల్ అన్నారు. చాలామందికి ఈపాటికి కొంతైనా తగ్గాలి అన్నారు. నొప్పి మాత్రలేమైనా వేసుకుంటున్నారా అని అడిగారు. 'లేదమ్మా, మేరీమాత మీద ఒట్టు' అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కర్టెన్ ఇవతల ఎవరూ చూడకపోయినా నేను క్యారేజీ మూత బిగించుకున్నాను.

ఆయన అబద్ధమాడలేదండీ. ఆయనకి తెలీదు. వేసింది నేను.

ఇదిగో, పర్సులో తెచ్చాను. ఈ మాత్రలే. మీ దగ్గరకి రాకముందు, మెడికల్ షాపులో నేనే అడిగి తెచ్చిస్తే మూడేళ్ళు మింగినవి. మీరు వద్దన్నాక ఆయన పారెయ్యమన్నాడు. పారెయ్యకుండా పోపులపెట్టె వెనకాల పెట్టాను.

మొదటి సిట్టింగు మర్నాడు ఆదివారం. చర్చిలో పూజ ముగించుకుని వచ్చి భోజనానికి కూర్చున్నాడు. రెండు రోజులు సలుపుతుంది, సలపనివ్వాలి, అదే మందు అని మీరు చెప్పారు. ముద్ద కలపలేకపోతున్నాడు. నూనె రాయనా అన్నాను. ఫ్రిజ్ వైపు చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోకెళ్ళి ఒక మాత్ర గ్లాసు అడుగుతో నలిపి మజ్జిగలో వేశాను. చేదు తెలీకుండా అల్లం, కరివేపాకు, ఉప్పు ఓ పిసరు ఎక్కువ. గడగడా తాగేశాడు.

తర్వాత పక్కన కూర్చుని, రాయనులే, ఊరికే చెయ్యి ఆనించి ఉంచుతాను అన్నాను. మోచేతి మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ప్రార్థన చేస్తున్నట్టు పెదాలు కూడా కదిపాను. దేవుడు క్షమిస్తాడో లేదో. ముప్పావుగంటకి ఆయన మొహం తేటపడింది. చెయ్యి అటూ ఇటూ మడిచి చూసుకుని, నా వంక చూసి అన్నాడు.

'నీ చేతిలో ఏదో ఉంది సంపూర్ణా.'

ఆ మాటండీ. ఇరవయ్యెనిమిదేళ్ళకి ఆ ఒక్క మాట అన్నాడు. అది అబద్ధపు మాటని నాకు తెలుసు, నేనే వండిపెట్టాను దాన్ని. అయినా వంటింట్లోకెళ్ళి చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను సంతోషంతో.

ఇంకేముంది, అలవాటైపోయింది. ప్రతి ఆదివారం మజ్జిగ. సోమవారం క్యారేజీతో పాటు సీసాలో మజ్జిగ. మేడమ్ గారి మిషన్ మేలా నా చెయ్యి మేలా అని ఒకసారి అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. ఊరుకున్నాడన్న కోపానికి ఆ వారం రెండు మాత్రలు వేశాను.

ఆఁ, పొట్ట మంట అంటున్నాడు. గ్యాసు పట్టిందనుకుంటున్నాడు. బీపీ లేదు, షుగర్ లేదు. విరేచనం నల్లగా అవడం లాంటివేం లేవు, నేను అడిగాను. రక్త పరీక్ష చేయించాలంటే చేయిస్తాను. అంత భయపెట్టకండి మేడమ్ గారూ, నేను ఆదివారం నుంచి కన్నుమూస్తే ఒట్టు.

అంతటితో అయిందా అంటే కాలేదు. రెండు రోజులు సుత్తి పట్టొద్దన్నారు కదా మీరు. నొప్పి తెలీకపోయేసరికి తగ్గిపోయిందనుకుని సోమవారమే షెడ్డుకెళ్ళి డోరు కింద దూరేవాడు. శనివారానికి మళ్ళీ మొదటికే. మీరు బాగుచేస్తున్నారు, నేను మజ్జిగ పోస్తున్నాను, ఆయన సుత్తితో కొట్టుకుంటున్నాడు.

ఆయన రెస్టు తీసుకున్నానని చెప్పాడా మీకు? నాలుగు వారాలూనా? అయితే మీకూ అబద్ధం చెప్పాడన్నమాట. మీ దగ్గర మంచి పేరు కోసం. ఏమో, ఎందుకో నాకు కొంచెం ఊపిరాడినట్టుంది ఇప్పుడు. తప్పే, ఒప్పుకుంటాను.

మీరన్నారు కదా, వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే మిషన్ ఆపేసి ఆపరేషన్ డాక్టరు గారికి చూపిద్దామని. ఇంటికొచ్చాక ఫ్రిజ్ మీద మీ కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితాన్ని ఎప్పుడెప్పుడు చింపేద్దామా అని చూసినదాన్ని నేను. సంతోషం రావాలి కదా. రాలేదు. 'మేడమ్ గారి తప్పేం లేదు, నా చెయ్యే మొండిది' అన్నాడు. 'పదిహేనో ఏట పట్టుకున్నాను సుత్తి, అది వదిలేస్తే నేనేం మనిషిని' అన్నాడు. నాతోనే అన్నాడండీ. మీతో కాదు. నాతో. మొదటిసారి మనసు విప్పి చెప్పాడు, ఆ చెప్పిన బాధ నేను పెట్టిందే.

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, అది నేనే. నేను నయం చెయ్యలేకపోయాను, చేసేవాళ్ళని చెయ్యనివ్వలేదు.

అందుకని వచ్చాను. మిషన్ ఆపకండి. ఈ నాలుగు సిట్టింగులూ లెక్కలోంచి కొట్టేసి, మొదటి నుంచి మొదలెట్టండి. మజ్జిగ నేను పొయ్యను. కావాలంటే ఆరు వారాలూ మీ ఎదురుగా కూర్చుంటాను.

తెలుసండీ, ఆయనకి చెప్పాలి. మీరు చెప్పొద్దు. దయచేసి మీ నోటితో వద్దు. ఇదైనా నేను చెప్పాలి ఆయనకి. చెప్తే ఏమంటాడో నాకు తెలుసు. అరవడు, కొట్టడు. కాసేపు గోడ వంక చూసి 'ఏం లేదులే' అంటాడు. ఆ మాటకి అర్థం క్షమించాననో, ఇంక నీతో పని లేదనో, అది మాత్రం నాకు ఈ జన్మకి తెలీదు.

వస్తాను మరి. ఆ మాత్రలు మీ దగ్గరే ఉంచండి.

ఏంటి? నా చెయ్యా? ఏం లేదులే.

అయ్యో. ఆయన మాటే వచ్చింది చూడండి నా నోట్లోంచి.

ఏం లేదండీ, ఈ బొటనవేలి మొదట్లో కొంచెం. పర్సు జిప్పు ఎడమచేత్తో తీశానా? గమనించనే లేదు నేను. గుడ్డలు పిండేటప్పుడు, క్యారేజీ మూత తిప్పేటప్పుడు తెలుస్తుంటుంది. రెండేళ్ళవుతోంది. నూనె రాసి రాసి వచ్చిందే అయ్యుంటుంది. ఆయనకా? చెప్పలేదు. చెప్తే రాయొద్దంటాడు కదా.

బొటనవేలు లోపల పెట్టి గుప్పిట ముయ్యాలా? ఇలాగా? ఇప్పుడు కిందికి వంచాలా? మెల్లగా తల్లీ, మెల్లగా... అమ్మా.

ఆఁ, ఉంది. అక్కడే.

పదికి ఎంతా? నన్నా అడుగుతున్నావు?

ఎవరూ అడగలేదమ్మా నన్ను. ఇరవయ్యెనిమిదేళ్ళలో ఆయనా అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. ఉండు, చూసి చెప్తాను. మార్కుల్లాగా కాదు కదా, ఎక్కువైతే ఫెయిలు కదా. తెలుసు నాకు, కర్టెన్ అవతల నుంచే నేర్చుకున్నాను.

ఆయనది ఎనిమిదని రాసుంది కదూ నీ దగ్గర?

అయితే నాది తొమ్మిది రాసుకో. నిజానికి ఏడే అనుకో. అయినా తొమ్మిదే రాయి తల్లీ. ఇందులోనైనా ఆయనకన్నా ఒక్క మార్కు ఎక్కువ రానీ నాకు.